జర్మనీలో కొత్త కాపురం: పదే పదే వచ్చే సందేహాలు, జవాబులు

కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు వారానికోసారి ఫోన్ చేస్తుంటారు. మనుషులు మారతారు గానీ ప్రశ్నలు మారవు. చెప్పిందే చెప్పి అలసిపోయి ఇలా రాసి పెట్టాను. మొదట్నుంచీ చదవక్కర్లేదు, మీ పీకల మీదికి ఏది వచ్చిందో అది వెతుక్కోండి. కొన్ని పద్ధతులు రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి మారతాయి. ఏటేటా మారే అంకెలకు ఏ ఏడాదివో రాశాను.

## దిగిన కొత్తలో

అందరూ "అన్మెల్డుంగ్ అయిందా" అని అడుగుతున్నారు. ఏంటది, చేయకపోతే ఏమవుతుంది?

మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని ఊరి ఆఫీసులో పేరు రాయించుకోవడం. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా చేయాలని చట్టం. బ్యూర్గరామ్ట్‌కి పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఇంటి యజమాని సంతకం పెట్టిన "వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్" తీసుకెళ్ళాలి. బోల్తా పడేది ఈ మూడో కాగితం దగ్గరే. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు, ఇది వేరే పత్రం. ఇల్లు మాట్లాడుకునే రోజే "ఈ కాగితం ఇస్తారా" అని అడగండి. ఇవ్వనంటే అది మీకు పనికొచ్చే ఇల్లు కాదు. ట్యాక్స్ నంబరు, రెసిడెన్స్ పర్మిట్, కిటా (చిన్నపిల్లల డేకేర్) సీటు, అన్నీ ఈ నమోదు మీదే ఆధారపడతాయి. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్ళీ చేయించుకోవాలి.

రెండు వారాల్లో చేయమంటారు, టెర్మిన్ (అపాయింట్‌మెంట్) చూస్తే నెలన్నర తర్వాత ఉంది. జరిమానా వేస్తారా?

పెద్ద ఊళ్ళలో ఇది మామూలే. దొరికిన తేదీ ఏదైనా ముందు బుక్ చేసి, ఆ మెయిల్ దాచుకోండి. మీవైపు నుంచి ప్రయత్నం చేశారని చెప్పడానికి అదే రుజువు. బెర్లిన్ లాంటి చోట మీ పేటలో ఉన్న ఆఫీసుకే వెళ్ళాలని లేదు, ఊళ్ళో ఏ బ్యూర్గరామ్ట్ అయినా సరే. పొద్దున్నే వెబ్‌సైట్ చూస్తే ఎవరో వదులుకున్న టెర్మిన్లు కనిపిస్తుంటాయి. నాకు రెండుసార్లూ అలాగే దొరికాయి.

మొదటి జీతంలో సగం కోసేశారు. మోసమా?

మోసం కాదు. నమోదయ్యాక 11 అంకెల ట్యాక్స్ ఐడీ పోస్టులో ఇంటికి వస్తుంది, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అది కంపెనీకి అందకపోతే ఆరో పన్ను తరగతి కింద కోస్తారు, అన్నిటికన్నా ఎక్కువ కోత అక్కడే. నంబరు ఇచ్చాక తర్వాతి జీతాల్లో సర్దుతారు. అప్పటికీ మిగిలిపోతే పన్ను రిటర్న్‌లో వెనక్కి వస్తుంది. మొదటి రెండు నెలలకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకుని రమ్మని చెప్పేది ఇందుకే.

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, ఒప్పందంలో ఒకలా ఉంది. ఏది రాయాలి?

పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా, అక్షరం తేడా లేకుండా, అన్ని చోట్లా. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. ఇక్కడి ఫారంలో "నామె" అంటే ఇంటిపేరు, "ఫోర్‌నామె" అంటే మీ పేరు. ఈ రెండూ తారుమారైతే బ్యాంకులో ఒక మనిషి, ఇన్సూరెన్సులో ఇంకో మనిషి తయారవుతారు. పోస్టు డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా అదే ఇంటిపేరు అంటించండి. ఇక్కడ చాలా ఇళ్ళకి ఫ్లాట్ నంబరు ఉండదు. పోస్టుమన్ చూసేది డబ్బా మీద పేరే. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, అందులో మీ బ్యాంకు కార్డు ఉండొచ్చు.

## ఇల్లు

ప్రకటనలో 900 అని ఉంది, అడిగితే 1,150 అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. మొదటిది కాల్ట్‌మీటె, అంటే ఉత్త గోడల అద్దె. రెండోది వార్మ్‌మీటె, అంటే హీటింగు, నీళ్ళు, చెత్త, మెట్లు తుడవడం వగైరా కలిపినది. కరెంటు, ఇంటర్నెట్ చాలావరకు ఈ రెండింటిలోనూ ఉండవు, విడిగా తీసుకోవాలి. ఇంకో చిక్కు: వార్మ్‌లో కలిపింది అంచనా మాత్రమే. ఏడాది గడిచాక నిజంగా ఎంత వాడారో లెక్క వస్తుంది, మీరు కట్టింది తక్కువైతే మిగతాది కట్టాలి, ఎక్కువైతే తిరిగిస్తారు. లెక్క కాలం ముగిసిన 12 నెలల్లోగా ఆ బిల్లు మీకు చేరాలి. యజమాని తప్పు వల్ల ఆలస్యమైతే అదనంగా అడిగే హక్కు ఆయనకు ఉండదు. గదుల లెక్క కూడా వేరు: "రెండు గదులు" అంటే వంటగది, బాత్రూమ్ కాకుండా రెండు.

ఓనర్ విదేశంలో ఉన్నాడట, అడ్వాన్స్ పంపితే తాళాలు కొరియర్ చేస్తాడట. పంపొచ్చా?

పంపొద్దు. ఇల్లు కళ్ళతో చూడకుండా, తాళం చేతికి రాకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు. ఫోటోలు అందంగా, అద్దె చవగ్గా, ఓనర్ మాట మరీ తియ్యగా ఉన్నాయంటే ఆ ఇల్లే లేదని అర్థం. చదువుకున్నవాళ్ళే, దూరం నుంచి ఇల్లు కుదుర్చుకోవాలన్న ఆత్రంలో ఇందులో పడుతున్నారు. మొదటి రెండు మూడు నెలలు ఫర్నిచర్ ఉన్న తాత్కాలిక గదిలో దిగి, ఊళ్ళో ఉండి వెతుక్కోవడం ఖర్చైనా మేలు.

షూఫా అడుగుతున్నారు. మొన్ననే వచ్చినవాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

షూఫా అంటే అప్పులు, బిల్లులు సరిగ్గా కడుతున్నారా లేదా అని లెక్క ఉంచే సంస్థ. కొత్తవాళ్ళ మీద ఏమీ ఉండదు, అది తప్పు కాదు. బదులుగా ఉద్యోగ ఒప్పందం, వచ్చినంతవరకు జీతం స్లిప్పులు, పాత ఇంటి ఓనర్ ఇచ్చిన బాకీ లేదన్న కాగితం పెట్టండి. మీ గురించి అక్కడ ఏముందో చూసే డేటా కాపీ ఉచితంగా పొందే హక్కు యూరప్ డేటా చట్టం కింద మీకుంది. డబ్బులు కట్టించుకునే సర్టిఫికెట్ వేరు, ఆ బటన్ పెద్దగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్నే నొక్కుతారు.

ఇంట్లో స్టవ్ లేదు, సింకు లేదు, బల్బు కూడా లేదు. ఓనర్‌ని అడగాలా?

అడిగినా నవ్వుతారంతే. చాలా ఇళ్ళు ఇలాగే ఇస్తారు. వంటగది సామాను ఎవరిది వాళ్ళు కొనుక్కుంటారు, వెళ్ళేటప్పుడు ఊడదీసి తీసుకెళ్తారు. ప్రకటనలో "ఐన్‌బౌకుషె" అని ఉంటేనే వంటగది ఉన్నట్టు. ఖాళీ చేసే కుటుంబం సామాను అమ్ముతామంటే బేరమాడి కొనుక్కోవడం తేలిక. ఏం కొన్నారో, ఎంతకి కొన్నారో కాగితం మీద రాసుకోండి.

గోడ మూలల్లో నల్లగా బూజు పట్టింది. ఓనర్ తప్పు మాదే అంటున్నాడు. నిజమేనా?

ఒక్కోసారి నిజం, ఒక్కోసారి కాదు. ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాపురం పెట్టిన మొదటి చలికాలంలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఈ గొడవే.

ఇక్కడి కిటికీలు గాలి చొరబడకుండా బిగుసుకుని ఉంటాయి. అన్నం ఉడికిన ఆవిరి, స్నానం ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తడి, మన ఊపిరి, ఏదీ బయటికి పోదు. ఆ తేమ వెళ్ళి అన్నిటికన్నా చల్లగా ఉన్న గోడ మూలనో, బీరువా వెనకనో నీళ్ళై కూర్చుంటుంది. అక్కడ బూజు మొదలవుతుంది. దీనికి వీళ్ళ మందు "స్టోస్‌ల్యుఫ్టెన్": రోజుకి రెండు మూడుసార్లు, ఐదు నుంచి పది నిమిషాలు, హీటర్ ఆపి, కిటికీలు బార్లా తెరవడం. ఎదురెదురు కిటికీలు ఒకేసారి తెరిస్తే ఇంకా మంచిది. కిటికీని పైన కొద్దిగా వంచి రోజంతా వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. గోడలు చల్లబడతాయి, హీటింగు బిల్లు పెరుగుతుంది, తేమ మాత్రం పూర్తిగా పోదు. వంట చేసేటప్పుడు వంటింటి తలుపు మూసి, అయ్యాక కిటికీ తెరవండి. పెద్ద బీరువాల్ని బయటి గోడకి ఆనించకుండా కొన్ని సెంటీమీటర్లు జరపండి. తేమ కొలిచే చిన్న మీటరు కొని పెట్టుకోండి, 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. వాడని గదిలోనూ హీటర్ పూర్తిగా ఆపేయొద్దు.

ఇవన్నీ చేసినా బూజు వస్తుంటే తప్పు గోడలో ఉండొచ్చు. ఫోటోలు తీసి, తేదీ వేసి, ఓనర్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి. మాట ముదిరితే ఊళ్ళోని అద్దెదారుల సంఘం మీటర్‌ఫెరైన్‌లో సభ్యత్వం తీసుకోండి. ఏడాది చందాకే సలహా ఇస్తారు.

ఖాళీ చేస్తున్నాం. డిపాజిట్ తిరిగొస్తుందా?

డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దెకి మించి అడగకూడదు, దాన్నీ మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. తిరిగి రావడం మాత్రం, చేరిన రోజు మీరు ఎంత జాగ్రత్తగా చూశారన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ రోజు రాసే అప్పగింత పత్రంలో ప్రతి గీత, ప్రతి పగులు, మీటరు రీడింగులు, తాళాల సంఖ్య రాయించండి. ఇల్లు వదలాలంటే మామూలుగా మూడు నెలల నోటీసు, అదీ సంతకంతో ఉన్న కాగితం మీద. మెయిలు చెల్లదు. నెలలో మూడో పనిదినం లోపు ఓనర్ చేతికి అందితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది.

## ఉత్తరాలు, డబ్బు

పసుపు రంగు కవరు వచ్చింది. జర్మన్ రాదు. వచ్చే వారం ఎవరినైనా అడగొచ్చా?

ఈ రాత్రే అడగండి. అది అధికారికంగా అందజేసిన ఉత్తరం. కవరు మీద పోస్టుమన్ తేదీ రాసి డబ్బాలో వేస్తాడు, గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుంది. మీరు ఊళ్ళో లేకపోయినా, తెరవకపోయినా అందినట్టే లెక్క. జరిమానా ఉత్తర్వు మీదా, కోర్టు నుంచి వచ్చే బాకీ నోటీసు మీదా అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలే ఉంటాయి. ఇతర ప్రభుత్వ నిర్ణయాల మీద సాధారణంగా ఒక నెల. కవరు పారేయొద్దు, తేదీకి అదే సాక్ష్యం.

ఒకసారి ఊరెళ్ళి వచ్చేసరికి నా డబ్బాలో ఇలాంటిది పన్నెండు రోజులుగా పడుంది. ఎవరో నా పేరు మీద వేసిన తప్పుడు బిల్లు అది. మిగిలిన రెండు రోజుల్లో అభ్యంతరం పంపి బయటపడ్డాను. ఆ రోజు నుంచి నేను ఊళ్ళో లేనప్పుడు పక్కింటావిడ నా డబ్బా చూస్తారు.

మా ఇంట్లో టీవీ లేదు, రేడియో లేదు. అయినా నెలకి 18.36 యూరోలు కట్టమంటున్నారు?

కట్టాల్సిందే. ఇది ఇంటికి వేసే ప్రసార రుసుము, టీవీ ఉందా లేదా అన్నది చూడరు. ఇంటికి ఒక్కటే. నలుగురు కలిసి ఉంటే ఒకరు కట్టి పంచుకుంటారు. మీ ఇంట్లో ఎవరో ఇప్పటికే కడుతుంటే వాళ్ళ నంబరు రాసి పంపితే మీకు ఆపేస్తారు. 18.36 అన్నది 2021 ఆగస్టు నుంచి ఉన్న రేటు. జవాబివ్వకుండా వదిలేస్తే బాకీ మీద రుసుములు పెరుగుతాయి.

జిమ్ మానేశాను. ఏడాది డబ్బు కట్టమంటున్నారు?

వెళ్ళడం మానేయడం వేరు, ఒప్పందం రద్దు చేయడం వేరు. రాసి చెప్పాలి. 2022 మార్చి నుంచి కుదిరిన ఇలాంటి ఒప్పందాలు మొదటి గడువు దాటాక ఎప్పుడైనా ఒక నెల నోటీసుతో వదులుకోవచ్చు. మొదటి గడువులో మాత్రం ఇరుక్కున్నట్టే. ఆన్‌లైన్‌లో ఒప్పందాలు అమ్మే సైట్లలో రద్దు బటన్ ఉండాలని 2022 జులై నుంచి చట్టం. బటన్ నొక్కాక వచ్చే ధ్రువీకరణ దాచండి.

ఇన్సూరెన్స్ ఏజెంట్ ఇంటికి వచ్చి ఏడు పాలసీలు చెప్పాడు. ఏది అవసరం?

హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఒక్కటి తీసుకోండి. మీ వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే కట్టే పాలసీ, చవక కూడా. పిల్లాడు సైకిల్‌తో ఎవరి కారో గీకినా, మీ వాషింగ్ మెషిన్ కింద ఇంటిని తడిపినా ఇదే ఆదుకుంటుంది. చట్టం ప్రకారం నష్టానికి మీరు పూర్తిగా బాధ్యులు, దానికి పరిమితి లేదు. మిగతా ఆరింటి గురించి ఆర్నెల్లు ఆగి ఆలోచించండి. ఇంటికొచ్చినవాడికి మొహమాటంతో సంతకం పెట్టొద్దు.

పన్ను రిటర్న్ వేయాల్సిందేనా?

భార్యాభర్తలు మూడు, ఐదు పన్ను తరగతులు తీసుకుంటే తప్పనిసరి. గడువు మామూలుగా తర్వాతి ఏడాది జులై 31. ఒంటరిగా, ఒకే ఉద్యోగంతో ఉంటే చాలావరకు ఐచ్ఛికం, నాలుగేళ్ళ వెనకవి కూడా వేసుకోవచ్చు. ఐచ్ఛికమైనా వేయండి. ఏడాది మధ్యలో వచ్చినవాళ్ళకి తరచూ మంచి మొత్తమే తిరిగొస్తుంది. ఉద్యోగం కోసం దేశం మారిన ఖర్చులు, ఇంటి నుంచి పనిచేసిన రోజుకి 6 యూరోలు చొప్పున ఏడాదికి 1,260 వరకు చూపించుకోవచ్చు. ఎల్‌స్టర్ అనే ప్రభుత్వ సైటు ఉచితం, కాకపోతే అంతా జర్మన్‌లోనే.

## ఒంట్లో బాగోకపోతే

ప్రైవేటు ఇన్సూరెన్స్ సగం ధరకే ఇస్తానంటున్నారు. మారనా?

కుటుంబం ఉంటే, లేక పెట్టుకునే ఆలోచన ఉంటే తొందరపడొద్దు. ప్రభుత్వ పద్ధతిలో జీతాన్ని బట్టి కడతారు, సగం కంపెనీ భరిస్తుంది, సంపాదన లేని భార్య లేదా భర్త, పిల్లలు అదనపు ఖర్చు లేకుండా అందులోకే వస్తారు. ప్రైవేటులో మనిషికో ప్రీమియం, వయసుతో పాటు భారం కూడా పెరుగుతుంది. పైగా వెనక్కి రావడం కష్టం, 55 దాటాక దాదాపు అసాధ్యం. ఉద్యోగులు ప్రైవేటుకి వెళ్ళాలంటే జీతం ఒక హద్దు దాటాలి; 2025లో అది ఏడాదికి 73,800 యూరోలు.

జ్వరం వచ్చింది. ఎక్కడికెళ్ళాలి? ఆసుపత్రికి పోతే తిప్పి పంపారు.

ముందు హౌసార్ట్స్, అంటే ఇంటి డాక్టరు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే దగ్గర్లో ఒకర్ని చూసి పేరు నమోదు చేయించుకోండి, చాలామంది కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు. రాత్రిళ్ళు, సెలవు రోజుల్లో, ప్రాణం మీదికి రానిదైతే 116117. గుండె నొప్పి, ఊపిరాడకపోవడం, పెద్ద దెబ్బలకు 112. పోలీసులకి 110. పారాసిటమాల్ కూడా సూపర్ మార్కెట్లో ఉండదు, మందుల షాపులోనే. రాత్రి ఏ షాపు తెరిచి ఉందో మూసిన షాపు తలుపు మీద అంటించి ఉంటుంది.

డాక్టరు "టీ తాగండి, పడుకోండి" అని పంపేస్తే కోపం తెచ్చుకోకండి. జలుబుకి యాంటీబయాటిక్ రాయకపోవడం ఇక్కడ మంచి వైద్యం కింద లెక్క.

సిక్ లీవ్ పెడితే ఉద్యోగానికి ముప్పా?

కాదు. ఆరు వారాల వరకు పూర్తి జీతం కంపెనీ ఇస్తుంది, కాకపోతే ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు గడిచుండాలి. మొదటి రోజు పొద్దున్నే చెప్పాలి. మూడు రోజులకి మించితే డాక్టరు పత్రం కావాలి, కొన్ని కంపెనీలు మొదటి రోజే అడుగుతాయి, ఒప్పందం చూడండి. 2023 నుంచి ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళ పత్రం కంప్యూటర్లోనే వెళ్తుంది. జబ్బు పేరు కంపెనీకి చెప్పక్కర్లేదు. జ్వరంతో ఆఫీసుకి వెళ్తే మెచ్చుకోరు, ఇంటికి పొమ్మంటారు.

## పిల్లలు

పాపకి ఏడాది. కిటాలో సీటు దొరకడం లేదు.

ఏడాది నిండిన పిల్లలకి కిటాలో గానీ, చైల్డ్ మైండర్ దగ్గర గానీ చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. చట్టంలో ఉంది గానీ ఊళ్ళో సీట్లు లేవు, అదీ కథ. బిడ్డ పుట్టగానే, ఇంకా వీలైతే గర్భంతో ఉన్నప్పుడే, పది చోట్ల పేరు రాయించండి. నెలకోసారి మర్యాదగా గుర్తు చేయండి. మొదటి రెండు నుంచి నాలుగు వారాలు అలవాటు చేసే కాలం, తల్లో తండ్రో పక్కనే ఉండాలి. ఆ వారాలకి సెలవు ముందే పెట్టుకోండి.

కిండర్‌గెల్డ్ (పిల్లల భత్యం) మాకూ ఇస్తారా?

బ్లూ కార్డ్ లాంటి పని అనుమతి ఉన్నవాళ్ళకి వస్తుంది. బిడ్డకి నెలకి 2025లో 255 యూరోలు, 2026 జనవరి నుంచి 259. ఫామిలీయెన్‌కాసె అనే ఆఫీసుకి దరఖాస్తు చేయాలి, దానంతటది రాదు. వెనకటి డబ్బు ఆరు నెలలకే ఇస్తారు, కాబట్టి వాయిదా వేస్తే పోగొట్టుకున్నట్టే.

టికెట్లు చవకని స్కూలు సెలవులకి వారం ముందే బయల్దేరొచ్చా?

బడి ఇక్కడ తప్పనిసరి, ఇంట్లో చదివిస్తామంటే కుదరదు. అనుమతి లేకుండా మానిపిస్తే జరిమానా పడొచ్చు. సెలవుల ముందు రోజుల్లో బవేరియా విమానాశ్రయాల్లో పోలీసులు బడి వయసు పిల్లల్ని గమనించిన సందర్భాలూ ఉన్నాయి. దగ్గరి బంధువుల పెళ్ళి లాంటి కారణం ఉంటే హెడ్‌మాస్టర్‌కి ముందుగా రాసి అడగండి, తరచూ ఒప్పుకుంటారు.

ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లాడికి జర్మన్ రాదేమో?

వస్తుంది. కిటాలో, బడిలో, ఆటస్థలంలో రోజంతా వినేది అదే. మీకు సరిగ్గా రాని జర్మన్‌లో మీరు మాట్లాడితే వాడికి రెండూ అరకొరగా వస్తాయి. ఎదురు సమస్య ఎక్కువ: బడికి వెళ్ళిన రెండేళ్ళకి మీరు తెలుగులో అడిగితే వాడు జర్మన్‌లో జవాబిస్తాడు. మీరు తెలుగులోనే కొనసాగించండి.

## వీధిలో, ఇరుగుపొరుగుతో

ఆదివారం వాక్యూమ్ క్లీనర్ వేస్తే కింది ఇంటావిడ తలుపు కొట్టింది. అంత తప్పా?

ఆదివారం, పండగ రోజులు, మామూలు రోజుల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు నిశ్శబ్ద సమయం. డ్రిల్లింగు, సుత్తి దెబ్బలు అసలే కూడదు. పిల్లల ఏడుపుని, ఆటల అల్లరిని మాత్రం చట్టం భరించమంటుంది. ఇంట్లో ఏదైనా వేడుక ఉంటే రెండు రోజుల ముందు మెట్ల దగ్గర చిన్న కాగితం అంటించండి, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. షాపులు కూడా ఆదివారం మూతే. పాలు అయిపోతే పెట్రోలు బంకో, పెద్ద రైల్వే స్టేషనో దిక్కు.

ఇన్ని రంగుల చెత్త డబ్బాలు! ఏది ఎందులో?

పసుపు డబ్బా లేదా సంచి: ప్లాస్టిక్, డబ్బాల ప్యాకింగు. నీలం: కాగితం, అట్ట. గోధుమ రంగు: కూరగాయల తొక్కలు. నలుపు లేదా బూడిద: మిగిలినవి. కొన్ని ఊళ్ళలో రంగులు వేరు. గాజు సీసాలు వీధి చివరి డబ్బాల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులుగా విడదీసి వేయాలి. రాత్రిళ్ళు, ఆదివారాలు వేయొద్దు. బ్యాటరీలు సూపర్ మార్కెట్లో ఇవ్వండి. చాలా రకాల ప్లాస్టిక్ సీసాలకి, క్యాన్లకి 25 సెంట్ల ఫాండ్ (తిరిగిచ్చే డిపాజిట్) ఉంటుంది, నలపకుండా మెషిన్లో వేసి డబ్బు తీసుకోండి. చెత్త తప్పుగా వేస్తే డబ్బా ఎత్తకుండా వదిలేస్తారు, అప్పుడు మెట్ల మీద అందరి చూపూ మీ మీదే.

టికెట్ కొన్నా 60 యూరోలు ఫైన్ వేశారు. అన్యాయం కదా?

కొన్న టికెట్ మీద ముద్ర వేయలేదేమో. చాలా ఊళ్ళలో కాగితం టికెట్‌ని ఎక్కే ముందు చిన్న మెషిన్లో పెట్టి ముద్ర వేయాలి, లేకపోతే చెల్లదు. రోజూ తిరిగేవాళ్ళు డాయిచ్‌లాండ్‌టికెట్ తీసుకోండి. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 అయింది. దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, ప్రాంతీయ రైళ్ళు ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి దూరపు రైళ్ళలో చెల్లదు.

ఇండియా లైసెన్సుతో ఎన్నాళ్ళు నడపొచ్చు?

ఇక్కడ స్థిరపడ్డ రోజు నుంచి ఆరు నెలలు. తర్వాత నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే, అది నేరం. రాతపరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాయాలి, కానీ ఇన్ని క్లాసులు తీసుకోవాలన్న నిబంధన మనకి వర్తించదు. రాతపరీక్ష ఇంగ్లిష్‌లో రాయొచ్చు, రోడ్డు పరీక్ష జర్మన్‌లోనే. "నేను ఇరవయ్యేళ్ళుగా నడుపుతున్నా" అన్నవాళ్ళే ఎక్కువగా తప్పుతారు. కారణం హారన్ కాదు, గుర్తు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడికి దారివ్వడం అలవాటు లేకపోవడం. కొన్ని క్లాసులు తీసుకోండి.

పక్కింటివాళ్ళు పలకరించరు. మేమంటే ఇష్టం లేదా?

ఆ తొందరపాటు వద్దు. చేరిన వారంలో మీరే తలుపు తట్టి పేరు చెప్పండి, ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళే ముందు పలకరిస్తారు. "జీ" మన మీరు, "డు" మన నువ్వు. పెద్దవాళ్ళు "డు అనండి" అనేదాకా మీరుతోనే ఉండండి. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్క రోజు ముందు కూడా చెప్పొద్దు, అపశకునం అంటారు. స్నేహాలు ఆఫీసులో కన్నా ఫెరైన్లలో, అంటే ఆటల, పాటల, తోటల సంఘాల్లో కుదురుతాయి. వారానికోసారి అదే మనుషుల్ని కలుస్తుంటే ఏడాదికి ఒకరిద్దరు ఇంటికి పిలుస్తారు. వేగం అంతే.

డిసెంబరులో ఏడుపొస్తోంది. నాకొక్కదానికేనా?

చాలామందికి. బెర్లిన్‌లో డిసెంబరులో సాయంత్రం నాలుగుకే సూర్యుడు వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి, మబ్బున్నా సరే, అరగంట బయట నడవండి. విటమిన్ డీ గురించి డాక్టర్ని అడగండి. రెండు వారాలకి మించి నిద్ర, ఆకలి చెడితే అది వాతావరణం కాదు, ఇంటి డాక్టరుకి చెప్పుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుగుంటుంది, అప్పుడు పిల్లల్ని పడుకోబెట్టడం ఇంకో తంటా.

## ఉద్యోగం, పర్మిట్, ఆ తర్వాత

పర్మిట్ వచ్చే నెలతో అయిపోతోంది, టెర్మిన్ దొరకలేదు. వెళ్ళిపోవాలా?

గడువు ముగియక ముందే పొడిగింపుకి దరఖాస్తు పెడితే, నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ హక్కులు కొనసాగుతాయి. ఆ మాట రాసిచ్చే కాగితమే ఫిక్షియోన్స్‌బెషైనిగుంగ్. మెయిల్ ద్వారానో, వెబ్‌సైట్‌లోనో పంపి, పంపిన రుజువు ఉంచుకోండి. ఒక్క రోజు ఆలస్యమైనా కథ మారుతుంది, అందుకే మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

లేఆఫ్ అన్నారు. ఒప్పంద విరమణ కాగితం మీద ఈ రోజే సంతకం పెట్టమంటున్నారు.

పెట్టొద్దు. ఇంటికి తీసుకెళ్ళి ఉద్యోగ చట్టం తెలిసిన లాయర్‌కి చూపించండి. మీరే ఒప్పుకుని వదిలినట్టు సంతకం పెడితే నిరుద్యోగ భృతి 12 వారాలు ఆగిపోవచ్చు. తొలగింపు నోటీసు అయితే దాన్ని కోర్టులో ప్రశ్నించడానికి మూడు వారాలే గడువు. ఉద్యోగం పోతుందని తెలిసిన మూడు రోజుల్లో ఉపాధి కార్యాలయంలో పేరు రాయించండి. గత 30 నెలల్లో 12 నెలలు చందా కట్టి ఉంటే నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం భృతి వస్తుంది. అది మీరు కట్టిన ఇన్సూరెన్స్, దానం కాదు. విదేశీయుల కార్యాలయానికీ తెలియజేయాలి.

పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఎప్పుడు వస్తుంది?

బ్లూ కార్డ్ ఉంటే ఏ1 (మొదటి మెట్టు) జర్మన్‌తో 27 నెలలకి, బీ1 (మధ్య మెట్టు)తో 21 నెలలకి. అన్ని నెలలూ పెన్షన్ చందా కట్టి ఉండాలి. బీ1 తొందరగా చేసేయండి, తర్వాత పౌరసత్వానికీ అదే పనికొస్తుంది. ఊళ్ళో ఫోక్స్‌హోక్‌షూలె అనే పెద్దల బడిలో సాయంత్రం క్లాసులు చవక.

పౌరసత్వం తీసుకుంటే ఇండియా పాస్‌పోర్టు ఉంచుకోవచ్చా?

జర్మనీ 2024 జూన్ 27 నుంచి రెండు పౌరసత్వాలకి ఒప్పుకుంటోంది, ఐదేళ్ళ నివాసం చాలంటోంది. మూడేళ్ళకే ఇచ్చే దారిని 2025 అక్టోబరులో మూసేశారు. ఒప్పుకోనిది భారత చట్టం. మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణాన మన పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు ఎంబసీలో అప్పగించాలి. తర్వాత ఓసీఐ కార్డుకి దరఖాస్తు చేయొచ్చు: జీవితకాల వీసా ఉంటుంది, ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడం కుదరదు. పౌరసత్వ పరీక్షలో 33 ప్రశ్నలకి 17 సరిగ్గా రాస్తే చాలు, అది తేలికే. పాస్‌పోర్టు అప్పగించే విషయం ఇంట్లో పెద్దవాళ్ళకి ఎలా చెప్పాలో ఆలోచించడానికే మా ఇంట్లో ఏడాది పట్టింది.